పసరు మందుకి అత్తయ్య పెట్టిన పరీక్ష

మొన్నటి వేసవిలో ఒకరోజు పొద్దున్న ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె కోసం చెయ్యి పెడితే, దాని వెనకాల నేను పెట్టని సీసా ఒకటి చేతికి తగిలింది. పాత ఊరగాయ సీసా. లోపల సగం దాకా ముదురాకుపచ్చ పొడి. మూత తీసి వాసన చూశాను. ముందు ఎండుటాకు వాసన, తర్వాత చేదు, ఆ చేదు వెనకాల ముక్కు లోపల గీరినట్టుండే ఘాటు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ కాలేజీలో పిల్లలకి వృక్షశాస్త్రం చెప్పినదాన్ని, ఆకులంటే నాకు చిన్నచూపు లేదు. కానీ పేరు చెప్పకుండా ఇంట్లోకి వచ్చిన ఆకంటే మాత్రం చిన్నప్పటినుంచీ పడదు. సీసా బల్ల మీద పెట్టి మా మరదలు పద్మని పిలిచాను.

పద్మ మా తమ్ముడు సత్తిబాబు భార్య. భీమవరం దగ్గర వాళ్ళకి రొయ్యల చెరువులున్నాయి. శీతాకాలంలో సత్తిబాబు మెడ పక్కన గోలీకాయంత గడ్డ కనపడింది. పళ్ళ నొప్పి వల్ల వచ్చిందనుకుని కొన్నాళ్ళు తిరిగాడు. అది లింఫోమా అని, క్యాన్సర్లలో ఒక రకమని తేలాక, రాజమండ్రి ఆసుపత్రిలో కీమో ఎక్కించుకోవడానికి వచ్చి మా ఇంట్లోనే ఉంటున్నాడు. సీసా చూడగానే పద్మ మొహం చిన్నబోయింది. వాళ్ళ పెదనాన్న కొడుకు గంగరాజు అని ఒకాయన బస్సులో పార్సిల్ వేశాడట. ఎక్కడో గోదావరి లంకలో దొరికే ఆకుల పొడి, పరగడుపున ఒక చెంచా నీళ్ళల్లో కలిపి తాగాలి, క్యాన్సరు వేళ్ళతో సహా పోతుంది అన్నాడట. నాకు చెబితే అనుమానపడతానని చెప్పకుండా దాచారు. నిజమే, అనుమానపడేదాన్నే. ఆ గంగరాజుని నేనెప్పుడూ చూడలేదు గానీ, ఆ క్షణంలోనే ఆయనకి నేనొక రూపం ఇచ్చేశాను. నున్నగా దువ్విన జుట్టు, తియ్యటి మాటలు, చేతిలో రెండు ఫోన్లు, ఊరూరా ఇలాంటి సీసాలు పంచే మనిషి.

సీసా మూత మళ్ళీ పెట్టాను గానీ ఆ వాసన వంటింట్లోంచి పోలేదు. మధ్యాహ్నం దాకా నేను ఏ పని చేస్తున్నా అది నన్ను నరసాపురం పక్కన మా పాత ఇంటికి లాక్కుపోతూనే ఉంది.

ఆ ఇల్లు ఆకుల మీదే నడిచేది అంటే అబద్ధం కాదు. కాలువ నీళ్ళు బిందెలతో తెచ్చి కాగుల్లో పోశాక, మా మామ్మ, అంటే నాన్న తల్లి, ఇండుపగింజని రాతి మీద అరగదీసి ఆ గంధాన్ని నీళ్ళల్లో కలిపేది. కాసేపటికి బురదంతా కిందికి దిగి పైన నీళ్ళు అద్దంలా తేరేవి. జ్వరం వస్తే నేలవేము కషాయం. బాలింతకి వావిలాకు వేసి కాచిన నీళ్ళు. దెబ్బ తగిలితే గాయపాకు నలిపి పిండిన పసరు. వీటిల్లో దేన్నీ ఎవరూ దాచేవారు కాదు. ఫలానా ఆకు, ఫలానా గట్టు మీద ఉంది, పోయి కోసుకురా అని పిల్లలనే పంపేవారు. మామ్మ నోట్లో ఎప్పుడూ చుట్ట ఉండేది. నిప్పు లోపలికి పెట్టుకుని కాల్చే అడ్డపొగ. అందుకని ఆవిడ ఇచ్చే ప్రతి మందుకీ కాస్త పొగాకు వాసన ఉండేది. వడ్లు ఉడకబెట్టే రోజుల్లో పెరడంతా తియ్యటి ఆవిరి, దాని మీద పేడకళ్ళాపి వాసన, దాని మీద మామ్మ చుట్ట. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే వాటిని వేటికవి విడదీసి చెప్పగలను.

ఆ ఇంట్లో మా మేనత్త వెంకాయమ్మ ఉండేది. భర్త చిన్నవయసులోనే పోతే పుట్టింటికి వచ్చేసి, ఎవరి మీదా ఆధారపడకుండా లేసు పని మొదలెట్టింది. చుట్టుపక్కల ఆడవాళ్ళకి దారం ఇచ్చి, అల్లిన లేసు తీసుకుని, నరసాపురంలో షావుకారుకి చేర్చేది. మధ్యాహ్నం వంటలయ్యాక మా అరుగు మీద ఆడవాళ్ళంతా చేరి సూదులు ఆడిస్తూ కూర్చునేవారు. అత్తయ్య మధ్యలో పీట వేసుకుని, ఒక్కొక్క ముక్కా ఒళ్ళో పరుచుకుని వేళ్ళతో తడిమేది. కంటికి కనపడని తప్పు ఆవిడ వేలికి తగిలేది. ఇంట్లో ఆవిడకి అనుమానప్పక్షి అని పేరు. పాలు పోసే మనిషి వెళ్ళేదాకా ఆగి, గోరు మీద పాల బొట్టు వేసి జారుతుందో నిలుస్తుందో చూసేది. బెల్లం కొనేముందు దిమ్మని పగలగొట్టించి లోపలి రంగు చూసేది. జాతకం చెప్పేవాడు గుమ్మంలోకి వస్తే, ముందు తన భర్త ఏ ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నాడో చెప్పమనేది. వాడు ఏదో ఒక ఊరి పేరు చెప్పేవాడు. అత్తయ్య నవ్వకుండా వాడికి గుప్పెడు బియ్యం వేసి పంపేసేది.

ఆవిడ కుడి మోచేతి కింద ఒక కొవ్వు గడ్డ ఉండేది. నిమ్మకాయంత ఉంటుంది. చిన్నపిల్లగా ఉన్నప్పుడే వచ్చిందట, నొప్పీ గిప్పీ లేదు, పెరగదు, తగ్గదు. నొక్కితే చర్మం కింద అటూ ఇటూ జారేది. మాకు అదొక ఆట. వేసవి మధ్యాహ్నాలు ఆవిడ పక్కన పడుకుని దాన్ని వేలితో దొర్లిస్తూ నిద్రపోయేవాళ్ళం.

అసలు గడ్డ వేరే చోట వచ్చింది. తడి చీర పిండి ఆరేసేటప్పుడు అత్తయ్య ఎడమ చెయ్యి పైకి ఎత్తడం మానేసిందని ముందు మా అమ్మ కనిపెట్టింది. గుచ్చిగుచ్చి అడిగితే, రొమ్ములో గట్టిగా ఏదో ఉందని, కొన్ని నెలలుగా ఉందని చెప్పింది. ఇంట్లో గుసగుసలు మొదలయ్యాయి. నాన్న ఆసుపత్రికి తీసుకెళతానన్నాడు. మామ్మ ఒప్పుకోలేదు. కత్తి పెడితే రోగం ఒళ్ళంతా పాకుతుందని ఆవిడ గట్టి నమ్మకం. అత్తయ్యకి కూడా మగ డాక్టర్ల ముందు రవిక విప్పి పడుకోవడం అనేది ఊహకే అందని సంగతి. అందుకే, పాలబొట్టుని కూడా నమ్మని ఆ మనిషి, పసరు వైద్యుడిని పిలిపిస్తానని మామ్మ అన్నప్పుడు మాట్లాడకుండా ఊరుకుంది.

ఆయన్ని దాసుగారు అనేవారు. గోదావరి అవతల లంకలోంచి, రేవు దాటించే పంటు మీద వచ్చేవాడు. మడత నలగని తెల్లపంచె, గొడుగు, భుజాన గుడ్డసంచి. మా ఇంట్లోకి వచ్చిన ఆకులన్నిటికీ పేర్లుండేవి, ఈయన సంచిలో ఉన్నవాటికి లేవు. పెరటి వైపు గది ఇవ్వమని, తలుపు వేసుకుని, కల్వంలో ఏవో నూరేవాడు. ఎవరూ చూడకూడదు, చూస్తే మందు గుణం పోతుందన్నాడు. అత్తయ్య ఆ మాటకి మంచం మీదనుంచే మామ్మతో అంది. "మనం చూస్తేనే పోయే గుణం, నా ఒంట్లోకెళ్ళి ఏం నిలబడుద్దే అమ్మా?" మామ్మ చెంపలు వేసుకుని, తప్పు మాట అనొద్దని కసిరింది.

మందు పట్టీ వేసేటప్పుడు అమ్మా మామ్మా లోపల ఉండేవారు. ఆ తర్వాత విసనకర్రతో విసరడం నా పని. నల్లటి ముద్ద, తడి బంకలా ఉండేది. జిల్లేడుపాల వాసన నాకు తెలుసు, అది ఉంది. సున్నం వాసన కూడా ఉంది. మూడోది ఏమిటో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. చిత్రమూలం వేరు అయ్యుండొచ్చు, మైలుతుత్తం అయ్యుండొచ్చు అని ఊహించగలను, అంతే. అత్తయ్య పళ్ళు బిగబట్టి గోడవైపు తిరిగి పడుకునేది. అరిచేది కాదు. నొప్పి ఎక్కువైతే లేసు సూది తీసుకుని దారం లేకుండానే గాలిలో కుట్లు వేస్తున్నట్టు కదిలించేది. నాకు మాత్రం ఒక్కటే అనుమానం. రోగాన్ని కాల్చే మందు చుట్టూ ఉన్న మంచి చర్మాన్ని ఎందుకు కాలుస్తోంది? అడిగితే దాసుగారు నా తల నిమిరి, తెలివైన పిల్ల అన్నాడు, జవాబు చెప్పలేదు.

కొన్ని వారాలకి ఆ చోట నల్లటి చెక్కు కట్టి, ఒకనాడు పట్టీతో పాటు ఊడి వచ్చింది. దాసుగారు దాన్ని అరిటాకులో పెట్టి ఇంట్లో అందరికీ చూపించాడు. దాని అడుగున తెల్లగా పోగుల్లా వేలాడుతున్నవాటిని పుల్లతో కదిలించి, ఇవే రోగం వేళ్ళు అన్నాడు. మామ్మ ఆయనకి దణ్ణం పెట్టింది. ఆరోజు ఇంట్లో పరమాన్నం వండారు. వీధిలో వాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. ఫలానా ఊళ్ళో మునసబు భార్యకి ఇలాగే పోయిందని, మరో ఊళ్ళో డాక్టర్లు వదిలేసిన మనిషి లేచి పొలానికి వెళుతున్నాడని దాసుగారు చెబుతుంటే అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. అత్తయ్య ఒక్కర్తే పరమాన్నం ముట్టుకోలేదు. తన వేళ్ళతో తన చంకలో తడుముకుంటూ కూర్చుంది. ఆవిడ లేసు ముక్కలో తప్పు దొరికినప్పుడు పెట్టే మొహం నాకు తెలుసు. ఆ మొహమే అది.

చంకలో ఇంకొక గట్టి బిళ్ళ ఉంది. దాసుగారికి చెబితే, వేరు తెగేముందు కొసలు అలాగే పొడుచుకొస్తాయి, ఇంకో విడత పడితే చాలన్నాడు. అప్పుడు అత్తయ్య, ఎవ్వరికీ ముందుగా చెప్పకుండా, కుడి చెయ్యి చాపి మోచేతి కింద గడ్డ చూపించింది. ఇది కూడా ఈమధ్యే మొదలైందండి, దీన్ని కూడా చూడండి అంది. నేను విసరడం ఆపేశాను. అమ్మ నా వైపు చూసి నోటి మీద వేలు పెట్టుకుంది. దాసుగారు ఆ గడ్డని రెండు వేళ్ళతో నొక్కి, కళ్ళు మూసుకుని నాడి చూసి, ఇది దానికి పిల్ల అన్నాడు. తల్లి అక్కడ, పిల్ల ఇక్కడ, రెంటికీ ఒకటే మందు అన్నాడు.

ఆ మందు ఎలా మండుతుందో ఆవిడకి బాగా తెలుసు. తెలిసి తెలిసి మంచి చేతిని, లేసు అల్లే చేతిని ఇచ్చింది. ఆ వారాల్లో ఆవిడ అన్నం కూడా ఎడంచేత్తో కలుపుకోవలసి వచ్చింది. నాకు ఏడుపొచ్చేది. ఎందుకత్తయ్యా అని అడిగితే, ఉండవే, చూద్దాం అనేది. మళ్ళీ నల్లటి చెక్కు కట్టింది. మళ్ళీ ఊడింది. మళ్ళీ అరిటాకు, మళ్ళీ పుల్ల, మళ్ళీ తెల్లటి పోగులు. చూశారా, అదే వేరు, అచ్చం అదే జాతి అన్నాడు దాసుగారు. ఇంట్లో అందరూ చుట్టూ ఉన్నారు, నాన్న కూడా ఉన్నాడు. అత్తయ్య పైట సర్దుకుని లేచి కూర్చుంది.

"దాసుగారండీ, ఈ చేతి గడ్డ నాకు చిన్నపిల్లప్పటి నుంచీ ఉందండి. మా అమ్మని అడగండి. అది రోగమే కాదు."

ఆయన తలదించుకుంటాడని, లేదా కోప్పడతాడని నేను అనుకున్నాను. రెండూ జరగలేదు. ఆయన అరిటాకు మెల్లగా మడిచి, ఎంతో జాలిగా ఆవిడ వంక చూశాడు.

"అయితే అమ్మా, రోగం నీకు చిన్నప్పటి నుంచే ఉందన్నమాట."

ఆ మాట నేను ఇన్నేళ్ళయినా మర్చిపోలేదు. ఏ ఋజువు ఎదురొచ్చినా దాన్ని మింగేసి ఇంకా లావయ్యే నమ్మకం ఎలా ఉంటుందో ఆరోజు మొదటిసారి చూశాను. మామ్మ ఆయన మాటకి తల ఊపింది కూడా. కానీ అత్తయ్య నాన్న వైపు తిరిగి, రేపు పొద్దున్న బస్సుకి ఆసుపత్రికి వెళదాం అన్నయ్యా అంది. దాసుగారు గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆయన మోసగాడా, తన మందుని తానే నమ్మిన మనిషా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. మోసగాడనుకుంటే మనసుకి సుఖంగా ఉంటుంది. కానీ ముసురు పట్టిన రోజున కూడా పంటు దాటి తడిసిపోయి వచ్చి, ముందు ఆవిడకి నొప్పి ఎలా ఉందని అడిగిన మనిషి ఆయనే.

పెద్దాసుపత్రిలో డాక్టరు ఆ పుళ్ళు చూసి నాన్నని చెడామడా తిట్టాడట. కాలిన చోట మానేదాకా ఆపరేషన్ చెయ్యడానికి వీల్లేదన్నాడు. అలా ఇంకొన్ని వారాలు పోయాయి. తర్వాత అమ్మ చెప్పగా విన్నాను. అత్తయ్య ఆ డాక్టరుని కూడా వదల్లేదట. మంచం పక్కన నాన్నతో మాట్లాడుతున్న ఆయన్ని ఆపి, నాతో చెప్పండి బాబూ అందట. మీ ఆపరేషన్ ఎంతమందికి పనిచెయ్యలేదో అది చెప్పండి అని అడిగిందట. ఆయన మొదట చిరాకుపడ్డాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, చాలామందికి మళ్ళీ వస్తుందమ్మా, ఇంత ఆలస్యంగా వచ్చినవాళ్ళకి మరీను, నీకూ రావచ్చు అన్నాడు. ఆ మాట విన్నాకే అత్తయ్య ఒప్పుకుందట. బాగైనవాళ్ళ కథలు దాసుగారి దగ్గర బోలెడున్నాయి, పోయినవాళ్ళ సంగతి ఒక్కటీ లేదు, ఈయన పోయినవాళ్ళని కూడా లెక్కలోకి తీసుకున్నాడు, అందుకని ఈయన్ని నమ్ముతాను అందట. ఆపరేషన్ జరిగింది. ఆవిడ తిరిగొచ్చి అరుగు మీద మళ్ళీ పీట వేసుకుంది. నేను కాలేజీలో చేరే దాకా బతికింది. తర్వాత రోగం ఎముకల్లోకి వచ్చి తీసుకుపోయింది. మొదటే ఆసుపత్రికి వెళ్ళుంటే ఇంకా ఎన్నేళ్ళు ఉండేదో ఎవరూ చెప్పలేరు. నేనూ చెప్పను.

నేను వృక్షశాస్త్రం తీసుకోవడానికి ఆ పట్టీలో పేరు తెలియని మూడో వాసనే కారణం అనిపిస్తుంది. చదువుకున్నాక తెలిసిన సంగతి ఒకటి ఉంది. మా నూతిగట్టు పక్కన బిళ్ళగన్నేరు మొక్కలు గుంపుగా ఉండేవి. మేకలు కూడా ముట్టవు. ఊదారంగు పూలు కోసి మామ్మ దేవుడి పటాలకి పెట్టేది. దాసుగారు పెరటి గదికి వెళ్ళేటప్పుడు వాటిని రాసుకుంటూనే వెళ్ళేవాడు. ఆ ఆకుని ఎక్కడెక్కడో జనం చక్కెర జబ్బుకి వాడుతున్నారని విని, నిజమేనా అని పరీక్ష చేసిన శాస్త్రవేత్తలకి, చక్కెర తగ్గలేదు గానీ రక్తంలో తెల్లకణాలు పడిపోతున్నాయని కనపడింది. ఆ తీగ పట్టుకుని లాగితే క్యాన్సరు మందు వచ్చింది. బుట్టలకొద్దీ ఆకుల్లోంచి చిటికెడు కూడా రాని ఆ పదార్థం, కొలతలో పడితే మందు, కొలత తప్పితే విషం. సత్తిబాబుకి ఎక్కిస్తున్న మందుల్లో అదొకటి. ఆకులో క్యాన్సరుకి మందు ఉండదని నేను ఎప్పుడూ అనలేదు. ఉందో లేదో, ఎంత ఉందో, ఎవరికి పనిచేసిందో, ఎవరికి చెయ్యలేదో చెప్పమంటాను. అంతే నా గొడవ.

ఈ మాటే సత్తిబాబుతో అన్నాను. వాడు సాయంత్రం బాల్కనీలో టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. జుట్టు రాలిపోయినప్పటినుంచీ ఇంట్లో కూడా టోపీ తియ్యడం లేదు. నాకెక్కిస్తున్నది బిళ్ళగన్నేరు ఆకు మందేనని నువ్వే చెప్పావు, అదీ ఆకే, ఇదీ ఆకే, దాన్ని నమ్మి దీన్ని నమ్మకపోవడం ఏంటక్కా అన్నాడు. నేను వాడి దారిలోనే వెళ్ళాను. చెరువుల మీదకి ఏదో ఒక సహజమైన మందు పట్టుకుని రోజుకొకడు వస్తాడు కదా, వాణ్ణి ఏం చేస్తావురా అని అడిగాను. ఒక చెరువులో వేసి, పక్క చెరువులో వెయ్యకుండా వదిలేసి, రెంట్లోనూ వల వేసి చూస్తాను అన్నాడు. ఆ అలవాటు వాడికి ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. అత్తయ్య పోయేనాటికి వాడు మరీ చిన్నవాడు, వాడికి తెలియదు. మరి నీ ఒంటి సంగతి వచ్చేసరికి ఆ తెలివి ఏమైంది అన్నాను. వాడు టోపీ కిందికి లాక్కున్నాడు.

"నాకు రెండో ఒళ్ళు లేదు కదక్కా."

మర్నాడు ఆ పొడిని నా పాత మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. కనీసం మూడు నాలుగు రకాల ఆకులున్నాయి. వేప అని ఒకదాన్ని పోల్చగలిగాను. మిగిలినవి పొడిలో పొడి, నా చదువుకి అందలేదు. అది మందని గానీ విషమని గానీ చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. పేరు లేదు అన్నది తప్ప. ఆ వారం రక్తపరీక్షల్లో లివరు దెబ్బతింటోందని తేలింది. కీమో వాయిదా వేశారు. పొడి సంగతి చెప్పడానికి సత్తిబాబు ఇంకా తటపటాయిస్తుంటే సీసా నేనే తీసుకెళ్ళి డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను. చిన్న వయసు పిల్ల, తిడుతుందని సిద్ధపడే వెళ్ళాం. తిట్టలేదు. ఆకు కావడం నా బాధ కాదండి, ఏ ఆకో తెలియకపోవడం నా బాధ, మా మందునీ దీన్నీ కూడా ఆ లివరే మోయాలి కదా అంది. దీనివల్లే అయిందా అని పద్మ అడిగితే, ఖచ్చితంగా చెప్పలేను, మా మందువల్ల కూడా అవుతుంది, ముందు దీన్ని ఆపి చూద్దాం అంది. ఖచ్చితంగా చెప్పలేను అన్న ఆ మాటకి సత్తిబాబు తల ఎత్తి ఆమె వంక చూశాడు. ఆరోజు నుంచీ పొడి ముట్టుకోలేదు. మెల్లగా లివరు కుదుటపడింది, కీమో మళ్ళీ మొదలైంది. ఈమధ్య తీసిన స్కాన్‌లో గడ్డలు తగ్గుముఖం పట్టాయన్నారు. పూర్తిగా పోతుందని ఎవరూ మాటివ్వలేదు.

అప్పట్లో పసరు వైద్యుడు పంటు దాటి రావాలి. ఇప్పుడు వాట్సాప్‌లో రోజుకి నలుగురు దాసుగార్లు వస్తారు, గొడుగులు తడవకుండా. అప్పుడు తలుపు వేసి నూరేవారు, ఇప్పుడు అందరి ముందూ వీడియోలో నూరుతున్నారు. అయినా ఆకు పేరు మాత్రం తెలియనివ్వరు. అప్పుడు ఆసుపత్రి అంటే భయపడి పసరు వైపు వెళ్ళేవారు, ఇప్పుడు ఆసుపత్రిలో పడుకునే చాటుగా తాగుతున్నారు. ఇలా రెండు కాలాల్నీ పక్కపక్కన పెట్టి నాలో నేను కోప్పడుతూ ఉండగానే, కిందటి వారం మధ్యాహ్నం ఆ గంగరాజు మా ఇంటికి వచ్చాడు.

సత్తిబాబు నిద్రపోతున్నాడు, పద్మ మందుల దుకాణానికి వెళ్ళింది. తలుపు తీస్తే గుమ్మంలో నా ఊహలోని మనిషి లేడు. పలచటి మనిషి, మాసిన గెడ్డం, లూజైపోయిన చొక్కా, చేతిలో సంచి. మీ గురించి పద్మ చెబుతూ ఉంటుందండి మేడం గారూ అంటూ చెప్పులు బయట వదిలాడు. కాఫీ ఇచ్చాను. సంచిలోంచి ఇంకో సీసా తీసి బల్ల మీద పెట్టాడు. మొదటిది అయిపోయుంటుందని తెచ్చాడట. లంకలోకి తానే వెళ్ళి, ఆకు తెచ్చే మనిషి కోసం మూడురోజులు కాచుకుని పట్టుకొచ్చాడట. నేను కూడగట్టుకున్న కోపమంతా ఒక ప్రశ్నగా చేసి, ఇది ఇంతకుముందు ఎవరికైనా వాడారా అని అడిగాను. మా ఆవిడకి వాడామండి అన్నాడు. ఇప్పుడెలా ఉన్నారు అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "లేదండి. పోయిన కార్తీకంలో పోయింది. మాకు ఈ మందు సంగతి ఆలస్యంగా తెలిసిందండి. ముందే పోసుంటే బతికుండేది. బావగారికైనా మొదట్నుంచీ మందు పడాలని తిరుగుతున్నానండి."

ఆవిడ పేరేమిటని అడిగాను. భాగ్యం అన్నాడు. పొట్టలో వచ్చిందట. ఆఖరి నెలల్లో అన్నం సయించేది కాదట, ఈ పొడి నీళ్ళు మాత్రం ఆయన చేత్తో ఇస్తే తాగేదట. చెబుతూ చెబుతూ కాఫీ సంగతి మర్చిపోయాడు. నేను ఆ సీసా తీసుకుని లోపల పెట్టేసి, తర్వాత పారబోసి ఉంటే సరిపోయేది. కానీ ఆయన రేపు ఇంకొకరి గుమ్మం ఎక్కుతాడు. అందుకని మెల్లగా చెప్పాను. సత్తిబాబుకి డాక్టరుగారు ఆపేయమన్నారండి, లివరు పాడవుతోంది, దీనివల్ల కూడా అయ్యుండొచ్చని అనుమానం అన్నాను.

ఆయన సీసా దగ్గరికి తీసుకుని మూత గట్టిగా ఉందో లేదో చూశాడు. ఆ తర్వాత ఆయన మొహంలో ఏం కదులుతోందో, ఆ ప్రశ్న నోటిదాకా రాకముందే నాకు అర్థమైంది.

"అయితే మేడం గారూ, మా భాగ్యానికి... నేను పోసిన దానివల్ల గానీ..."

"లేదండి," అన్నాను.

"నిజంగానేనా అండి?"

"నిజమేనండి. దానివల్ల కాదు."

ఆయన నా మొహంలోకి చూశాడు. లేసు ముక్క తడిమినట్టు, పాలబొట్టు గోరు మీద వేసి చూసినట్టు, ఎంతోసేపు చూశాడు. భాగ్యాన్ని నేను చూడలేదు, ఆవిడ కాగితాలు చూడలేదు, ఆ పొడిలో ఏముందో నాకు తెలియదు. నేను రెప్ప వెయ్యకుండా కూర్చున్నాను.